అప్పడానికి కాస్త నిశ్శబ్దం

"కట్! కట్! ఎవరిదండీ ఈ కుక్క? జర పట్టుకోండి!"

నిహారిక కారు డిక్కీలోంచి బ్యాగు తీస్తూ కుక్క గొలుసు ఒక్క క్షణం వదిలింది. ఆ ఒక్క క్షణం చాలింది. లాడ్జి ముందున్న వేపచెట్టు కింద ఒక యువకుడు చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పొడవాటి కర్ర చివర మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. అతని మీదికి కుక్క దూసుకెళ్ళింది. మనిషిని ఏమీ అనలేదు. గాలి తగలకుండా మైకుకు తొడిగిన బొచ్చు తొడుగును మాత్రం ఎలుకను పట్టినట్టు పట్టి, ఊడలాగి, పక్కనే కూర్చుని నమలడం మొదలుపెట్టింది.

"అయ్యో, అప్పడం! వదులు, అప్పడం!"

"అప్పడమా? నా మైకు తొడుగు తింటుంటే అప్పడం అంటరేందండీ?"

"అది వాడి పేరండీ!"

అతను హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని, ఆమెనూ కుక్కనూ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పుడు నేల మీద నాలుగు కాళ్ళూ చాపుకుని బల్లపరుపుగా పడుకునేదని దానికి ఆ పేరు పెట్టింది నిహారిక వాళ్ళమ్మ. ఆ సంగతంతా చెప్పే తీరిక నిహారికకు లేదు. కుక్క నోట్లో వేలు పెట్టి తొడుగు బయటికి లాగింది. అది తడిసి, చిరిగి, పిల్లి ఉమ్మేసినట్టుగా ఉంది.

"సారీ అండీ. వారం రోజుల నుంచి వాడు సరిగ్గా ఏమీ తినడం లేదు. ఇదే మొదటిసారి ఏదైనా నోట్లో పెట్టుకోవడం."

"అంటే ఇప్పుడు నేను సంతోషపడాలా?"

"పడితే బాగుంటుంది" అంది నిహారిక. ఆమెకూ ఒళ్ళు మండుతోంది. పొద్దున్నుంచీ మండుతూనే ఉంది.

నిహారిక డైటీషియన్. జూబ్లీ హిల్స్‌లో ఆమె క్లినిక్‌కు సినిమావాళ్ళు చాలామంది వస్తారు. ఎవరెవరు ఏం తినాలో, ఎప్పుడు తినాలో చెప్పడం ఆమె వృత్తి. అలాంటి మనిషి ఇంట్లో కుక్క పస్తులుంటోంది. కారణం పక్క ప్లాటు. అక్కడ ఎవరో కొత్త బంగళాకు సెల్లార్ తవ్విస్తున్నారు. జూబ్లీ హిల్స్‌లో సెల్లార్ అంటే మట్టి కాదు, కొండ. పొద్దున్నించి సాయంత్రం దాకా రాళ్ళు పగలగొట్టే యంత్రం దడదడలాడుతుంటే ఇంట్లో గ్లాసులు కూడా వణికేవి. అప్పడం మంచం కింద దూరి, సాయంత్రం పని ఆపాక కూడా బయటికి వచ్చేది కాదు. కుక్కల డాక్టరు మందులిచ్చి, "అసలు మందు మాత్రం నిశ్శబ్దమే" అన్నాడు.

తల్లి లీలాకుమారి చివరికి తేల్చి చెప్పేసింది. "నా వల్ల కాదే, దాని మొహం చూడలేకపోతున్నాను. ఈ శని, ఆదివారాలు ఎక్కడికైనా తీసుకెళ్ళు. అప్పటికీ ముద్ద ముట్టకపోతే భీమవరం పంపించేద్దాం. మావయ్య చేపల చెరువుల దగ్గర హాయిగా ఉంటుంది."

"వాడు లేకుండా నేనెలా ఉంటానమ్మా?"

"నువ్వుంటావు. అది చచ్చిపోతే మాత్రం ఉండలేవు."

నిహారిక ఫోనులో వెతికితే వికారాబాద్ దాటాక ఉన్న 'మౌనవనం ఫారెస్ట్ లాడ్జ్' కనిపించింది. పెట్ ఫ్రెండ్లీ అని రాశారు. 'ఇక్కడ ఆకు రాలినా వినిపిస్తుంది' అని కూడా రాశారు.

ఆకు రాలడం వినాలంటే ముందు లాడ్జి జనరేటర్ ఆపాలి. వచ్చినప్పటి నుంచీ అది మోగుతూనే ఉంది.

లాడ్జి మేనేజరు వెంకటనర్సయ్య నడివయసు మనిషి, మహా నిదానస్థుడు. ఆమె రిసెప్షన్‌కు వెళ్ళేసరికి టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

"కుక్కను రూములకు తేవద్దు మేడం."

"పెట్ ఫ్రెండ్లీ అన్నారు కదండీ?"

"గదే మేడం. మా తాన బాతులున్నయ్. మస్తు ఫ్రెండ్లీ ఉంటయ్. పిల్లలు వచ్చి మేత వేస్తరు."

"మరి కుక్కల సంగతి?"

"కుక్కల్ని వద్దంటమా? రానిస్తం. జనరేటర్ షెడ్డు కాడ కట్టెయ్యాలె. గోనెపట్టా కూడ ఇస్తం."

"చప్పుళ్ళకు భయపడే కుక్కను జనరేటర్ పక్కన కట్టమంటారా?"

"అలవాటైతది మేడం" అన్నాడు వెంకటనర్సయ్య ఎంతో ప్రేమగా.

నిహారిక ఆయనతో అరగంట వాదించి కుక్కను గదిలోకి తీసుకెళ్ళే అనుమతి సంపాదించింది. గదిలోకి వెళ్ళాక అంత పోరాటం దండగేమో అనిపించింది. 'అడవి వైపు కిటికీ' తెరిస్తే నీళ్ళ ట్యాంకు కనిపించింది. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. 'సేంద్రియ భోజనం' ఏమిటని అడిగితే నూడుల్స్ అన్నారు. అప్పడం మంచం కిందికి చూసి, అక్కడ కూడా తనకు చోటు లేదని గ్రహించి, గుమ్మంలో కూలబడింది. పెరుగన్నం పెడితే మొహం తిప్పుకుంది. అంతలో ఫ్రెండ్లీ బాతులు వచ్చాయి. పెద్ద బాతు ఒకటి మెడ చాచి బుస్సుమంటూ పరిగెత్తుకొచ్చేసరికి అప్పడం ప్రాణభయంతో వరండా చివరికి ఉరికి, అక్కడ కుర్చీలో కూర్చున్న మైకు మనిషి కాళ్ళ మధ్య దూరింది.

"మళ్ళీ వచ్చినవా?" అన్నాడతను దాంతో. "ఇంకో తొడుగు లేదు నా దగ్గర."

నిహారిక వెనకాలే వచ్చింది. బాతును చెప్పుతో అదిలించి, అలిసిపోయి, అతని పక్కనున్న మెట్టు మీద కూర్చుంది.

"ఇక్కడికి ఎందుకు వచ్చారండీ మీరు?" అని అడిగింది. ఈ లాడ్జికి తెలివున్నవాళ్ళెవరైనా ఎందుకొస్తారని ఆమె ఉద్దేశం.

"నిశ్శబ్దం కోసం."

నిహారిక నవ్వలేదు కానీ, నవ్వకుండా ఉండడానికి కాస్త కష్టపడాల్సి వచ్చింది.

అతని పేరు సృజన్. మోతీనగర్‌లో ఇల్లు, ఫిలింనగర్‌లో ఒక చిన్న సౌండ్ స్టూడియోలో పని. "మా సినిమాల హీరో అడవిల ఒక్కడే నడుస్తడు. మాటల్లేవు, పాట లేదు. రెడీమేడ్ సౌండ్లు పెడితే ఒప్పుకోనన్నడు డైరెక్టర్. నిజమైన అడవి వినపడాలంట. సోమవారం ఇయ్యకపోతే పని వేరేవాళ్ళకు పోతది. ఫస్ట్ టైం నాకు సొంతంగ ఒక సినిమా దొరికింది. కీచురాళ్ళు, గాలి, దూరంగ ఒక పిట్ట, గంతే కావాలె. పొద్దున్నుంచి నా దగ్గర ఉన్నదేందో తెలుసా? జనరేటర్. బాతులు. మోటరు. మీ అప్పడం."

"వాడు మొరగలేదు. నమిలాడంతే."

"నమిలింది కూడ మంచిగ రికార్డయింది. కావాలంటే వినిపిస్త."

అప్పుడే లాడ్జి లాన్‌లోకి రెండు పెద్ద స్పీకర్లు దిగాయి. ఎవరిదో పెళ్ళికి ముందు వీడియో షూటింగట. వరుడు ఎర్ర కోటు, వధువు పొడవాటి గౌను, రంగు పొగ వదిలే డబ్బాలు, వాటి వెనక ఒక డ్రోను. పాట మొదలైంది. వరండా స్తంభాలు అదిరాయి. అప్పడం ఒళ్ళంతా వణుకుతూ గోడలోకి దూరిపోవాలన్నట్టు మూలకు ఒదిగింది.

నిహారిక లేచి వెళ్ళింది. సృజన్ కూడా వెళ్ళాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో వెంకటనర్సయ్యకు ఏమీ అర్థం కాలేదు.

"ఒక్కరొక్కరు చెప్పుండ్రి."

"నిశ్శబ్దం అని బోర్డు పెట్టి డీజే పెడతారా?" అంది నిహారిక.

"డీజే రేపు మేడం, బర్త్‌డే ఫంక్షన్. ఇయ్యాల ఉత్త పాటలే."

"మరి నిశ్శబ్దం ఎప్పుడుంటది?" అన్నాడు సృజన్.

వెంకటనర్సయ్య నిజాయితీగా ఆలోచించాడు. "బుకింగుల్లేనప్పుడు ఉంటది సార్."

తిరిగి వచ్చేసరికి అప్పడం నోటి నుంచి చొంగ కారుతోంది. నిహారిక దాని పక్కన నేల మీద కూర్చుని తల ఒళ్ళో పెట్టుకుంది. కోపమంతా ఒక్కసారిగా ఏడుపైంది. "జూబ్లీ హిల్స్‌లో మా ఇంటి పక్కన కొండ పగలగొట్టే చప్పుడుకు వీడు ముద్ద ముట్టడం లేదు, సోమవారం వీణ్ణి పంపించేస్తారు" అంది, ఎవరికి చెబుతోందో తెలియకుండానే. "ఎంత దూరం వచ్చాం! ఇక్కడా ఇదేనా?"

సృజన్ మెడలోంచి హెడ్‌ఫోన్స్ తీశాడు. వంగి, మెల్లగా, అప్పడం రెండు చెవులూ లోపలికి మడిచి తొడిగాడు. అప్పడం ఉలిక్కిపడింది. తర్వాత కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత వణుకు తగ్గింది. ఎన్నో సినిమాలు చూసి విసిగిపోయిన సీనియర్ టెక్నీషియన్‌లా ఒక నిట్టూర్పు విడిచి, గడ్డం సృజన్ చెప్పు మీద ఆనించింది.

"బయట చప్పుడు చాలావరకు ఆపుతయి ఇవి" అన్నాడతను.

"ఎక్కడ దొరుకుతాయండీ? ఇప్పుడే ఆర్డర్ పెడతాను."

"కుక్కకు రోజంతా హెడ్‌ఫోన్స్ పెడతరా ఎవరన్నా? దానికి కావాల్సింది రూము." అతను ఆగి, తనలో తనే విసుక్కున్నాడు. "ఛ, ఎంత పిచ్చోళ్ళమండీ మనం! మా స్టూడియోల రికార్డింగ్ రూము ఉంది. గోడలు ఇంత మందం. తలుపేస్తే మన గుండె చప్పుడు మనకే వినపడతది. మీ ఇంటి నుంచి ఎంత దూరం? ఫిలింనగర్ దిగితే వచ్చేస్తది."

నిహారిక అతన్ని చూస్తూ ఉండిపోయింది. "అంటే నేను ఇంత దూరం వచ్చి, బాతులతో పోట్లాడి..."

"నేనేమో అక్కడి నుంచి నిశ్శబ్దం వెతుక్కుంట ఇక్కడికి వచ్చిన."

వెళ్ళిపోతున్నామంటే వెంకటనర్సయ్య బాధపడ్డాడు. రేపటి డీజే చాలా బాగుంటుందన్నాడు. సృజన్‌ను దింపిన ప్రొడక్షన్ కారు మర్నాడు గానీ రాదు. అందుకని మైకులు, కర్రలు, పెట్టెలు అన్నీ నిహారిక కారులో సర్దారు. అప్పడం వెనక సీట్లో హెడ్‌ఫోన్స్‌తో సహా ఎక్కి కూర్చుంది.

దారిలో మబ్బు పట్టింది. చెట్లు దట్టంగా ఉన్న చోట చినుకులు మొదలయ్యాయి.

"ఆపండి, ఆపండి!"

ఆమె ఉలిక్కిపడి బ్రేకు వేసింది. "ఏమైంది? కుక్కా?"

"వాన! ఆ మట్టిదారిల లోపలికి తీస్కపోండి. ఇంజన్ ఆపేయండి. ఏసీ కూడ. ఊపిరి కూడ మెల్లగ."

"ఊపిరి కూడానా?"

"ప్లీజ్."

అతను చిరిగిన తొడుగునే మైకుకు చుట్టుకుని చెట్ల కిందికి పరిగెత్తాడు. నిహారిక కిటికీ దించి, కదలకుండా కూర్చుంది. ఆకుల మీద చినుకులు, ఎక్కడో ఒక పిట్ట, తడిసిన మట్టి వాసన. సరిగ్గా అప్పుడు ఆమె ఫోను గట్టిగా మోగింది.

"ఏమే, అన్నం తిందా అది?" అంది లీలాకుమారి.

"అమ్మా, తర్వాత చేస్తా!"

అతను చెట్టు కింద నుంచి తిరిగి చూశాడు. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేదనిపించింది నిహారికకు. ఫోను ఆఫ్ చేసి, రెండు చేతులూ జోడించి చూపించింది. అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఈసారి ఏదీ మోగలేదు. అప్పడానికి హెడ్‌ఫోన్స్ జారిపోయాయి కానీ అది కూడా తల ఎత్తి వాన వింటోంది. నిహారిక మాత్రం వానను చూడలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నా చేయి కదపకుండా, చిన్నపిల్లాడు కథ వింటున్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషిని చూసింది. పొద్దున్న ఇదే మనిషి మీద ఎందుకంత కోపం వచ్చిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తొడుగు తిన్నది తన కుక్కే కదా!

అతను తిరిగొచ్చి సీట్లో కూర్చుని, తడి మొహంతో నవ్వాడు. "దొరికింది."

"ఏది?"

"అడవి."

స్టూడియో తలుపులు రెండూ మూసుకున్నాక నిజంగానే లోకం మాయమైనట్టనిపించింది. అప్పడం గది మధ్యలో నిలబడి చెవులు అటూ ఇటూ తిప్పింది. వినడానికి ఏమీ లేదు. నాలుగు కాళ్ళూ చాపి బల్లపరుపుగా నేల మీద పడింది, చిన్నప్పటిలాగే. కాసేపటికి లేచి, సృజన్ పక్కనున్న మెస్సు నుంచి తెప్పించిన పెరుగన్నం గిన్నె మొత్తం నాకేసింది. నిహారిక గోడకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సృజన్ చూడనట్టు వైర్లు చుట్టుకున్నాడు.

అలా మొదలైంది. పొద్దున క్లినిక్‌కు వెళ్తూ అప్పడాన్ని స్టూడియోలో దింపడం, సాయంత్రం తీసుకెళ్ళడం. సృజన్ తెచ్చిన అడవి డైరెక్టరుకు నచ్చింది, సినిమా అతని చేతిలోనే ఉండిపోయింది. అప్పడం భీమవరం ప్రయాణం ఆగిపోయింది. మధ్యలో పోట్లాటలు మాత్రం ఆగలేదు.

"మళ్ళీ మిర్చిబజ్జీలా? మధ్యాహ్నం భోజనం ఇదేనా?"

"మీరు క్లినిక్ ఇంక బంద్ చేయలేదా?"

"రాగిజావ తెచ్చాను. తాగండి."

"నాకు జావ, మీ కుక్కకు చికెన్. ఏం న్యాయమండీ ఇది?"

"వాడికి కొలెస్ట్రాల్ లేదు."

ఒకరోజు పొద్దున నిహారిక లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పక్క ప్లాటులో యంత్రం లేదు. కొండ పగలడం అయిపోయింది, ఇక గోడలే. "అమ్మయ్య! పీడ విరగడైంది" అంది లీలాకుమారి కాఫీ అందిస్తూ.

నిహారికకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంత హఠాత్తుగా ఆపేస్తారా? ఇన్నాళ్ళు కొట్టినవాళ్ళు ఇంకో నెల కొడితే ఏం పోయింది? తన కోపం ఎంత అన్యాయంగా ఉందో తెలిసి ఇంకా చిరాకు వచ్చింది. "డాక్టరు ఇంకొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంచమన్నాడమ్మా" అని, అప్పడాన్ని కారెక్కించింది.

"ఇవాళ మరీ దారుణంగా కొడుతున్నారండీ" అంది స్టూడియోలో, అతని మొహం చూడకుండా.

"అవునా? పాపం" అన్నాడు సృజన్, ఆమె మొహం చూడకుండా.

మర్నాడూ అదే చెప్పింది. ఆ తర్వాత కూడా. రోజూ అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, అతను రోజూ నమ్మేయడం ఇంకో ఎత్తు. ఇంత అమాయకుడేమిటీ మనిషి? ఒక్కసారైనా, కుక్క లేకుండా కూడా రావచ్చు కదా అని అనడేం?

ఒక సాయంత్రం నిహారిక వచ్చేసరికి స్టూడియోలో మిక్సింగ్ టేబులు ముందు సోఫాలో లీలాకుమారి కూర్చుని ఉంది. ఒళ్ళో సున్నుండల డబ్బా.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"కుక్క ప్రాణం నిలబెట్టిన అబ్బాయికి థాంక్స్ చెప్పొద్దూ? నీ క్లినిక్‌లో అడ్రసు కనుక్కుని వచ్చాను." ఆవిడ సృజన్ వైపు తిరిగింది. "చాలా మేలు చేశావు బాబూ. ఇక నీకు శ్రమ ఇవ్వంలే. రాళ్ళ పని ఆగిపోయి రెండు వారాలు దాటింది కదా."

నిహారిక ముఖం చెవుల దాకా ఎర్రబడింది. "నేను... అప్పడాన్ని తీసుకొస్తాను" అంటూ రికార్డింగ్ రూములోకి పారిపోయింది. సృజన్ ఆమె వెనకే వెళ్ళాడు. బరువైన తలుపు మూసుకుంది.

"నవ్వకండి" అంది నిహారిక.

"నవ్వుతలేను."

"అబద్ధం చెప్పాను. సరేనా? ఇక రేపటి నుంచి రాం. మీ గది మీరే ఉంచుకోండి."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"పని ఆగిందని. ఒక సీన్‌కు రాళ్ళు పగిలే సౌండ్ కావాలంటే మైకు పట్టుకుని మీ పక్క ప్లాటుకే వచ్చిన. వాచ్‌మన్ అప్పుడే చెప్పిండు."

"తెలిసి కూడా రోజూ 'అవునా, పాపం' అన్నారా?"

"మరేమనాలె? ఎందుకు వస్తున్నరని అడిగితే మీరు మళ్ళ రారు కద."

"ఎందుకొస్తున్నానో తెలియదా మీకు? చెవులు పెట్టుకుని చీమ నడిస్తే వింటారు, ఎదురుగా ఉన్న మనిషి సంగతి మాత్రం వినపడదు!"

"వినపడ్డది. భయమైంది. తప్పుగ విన్ననేమో అని." అతను మోకాళ్ళ మీద కూర్చుని అప్పడం మెడ నిమిరాడు. తలెత్తకుండానే అన్నాడు. "మీరు రాని ఆదివారం ఈ రూము నాకు అస్సలు నచ్చదు నిహారికా. మా అమ్మకు ఎప్పుడో చెప్పిన. కుక్కతో సహా ఒప్పుకుంది. మీకు చెప్పుడే మిగిలింది."

ఆ గదిలో నిహారిక దాక్కోవడానికి చిన్న చప్పుడు చాటు కూడా లేదు.

"ఇంత చిన్న మాటకి ఇన్నాళ్ళా?" అంది చివరికి. "నాకూ ఇష్టమే. నాకూ భయమే. కానీ మీ మీద చాలా కోపంగా ఉంది."

"ఉండనీయండి. కోపంగ ఉంటేనే మీరు రోజూ వస్తున్నరు."

అంతలో గోడకున్న స్పీకరు కర్‌మంది. ఇద్దరూ అదిరిపడ్డారు.

"ఇదేనా నొక్కాల్సింది? వినపడుతోందా?" అంది లీలాకుమారి గొంతు, గదంతా నిండిపోతూ. రెండు గదుల మధ్యనున్న అద్దం అవతల ఆవిడ మిక్సింగ్ టేబులు మీదికి వంగి ఉంది. "ఇక్కడ నాకు మొదటి నుంచీ అన్నీ వినపడుతున్నాయి. మైకు ఆపుకోవడం కూడా రాదా బాబూ నీకు?"

సృజన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నిహారిక అద్దం వైపు చూసే ధైర్యం చేయలేదు.

"అబ్బాయి మంచివాడే. నాకు అభ్యంతరం లేదు" అంది స్పీకరు. "ఆదివారం వాళ్ళమ్మగారిని భోజనానికి తీసుకురమ్మను. ఇప్పుడు మాత్రం బయటికి రండి ఇద్దరూ. ఈ సున్నుండలు నేనొక్కదాన్నే తినేస్తున్నాను."

నిహారికకు అప్పుడు నవ్వాగలేదు. సృజన్ చేయి పట్టుకుని లేపి, ఆ చేయి వదలకుండానే తలుపు తోసింది.